సైడ్లిట్జ్ అన్ని దెబ్బలు తిని ఎలా తేలింది?

1916లో ఉత్తర సముద్రంలో బ్రిటిష్, జర్మన్ నౌకాదళాల మధ్య జరిగిన జట్లాండ్ యుద్ధంలో బ్రిటిష్ బ్యాటిల్‌క్రూయిజర్లు (పెద్ద ఫిరంగులున్న వేగమైన యుద్ధనౌకలు) మూడు పేలిపోతే, అదే రకం జర్మన్ ఓడ సైడ్లిట్జ్ మాత్రం తూట్లు పడి కూడా ఇంటికెలా చేరిందని అడిగారు. నేను ఇరవై రెండేళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశాను. నా జవాబు అక్కడి నుంచే వస్తుంది.

ఓ జులైలో అరేబియా సముద్రం మీద ఉన్నాం. నేనప్పుడు థర్డ్ ఇంజినీర్ని, ఓడ మీద అందరూ తీన్ సాబ్ అనేవాళ్లు. తెల్లవారుజామున మూడింటికి సముద్రపు నీళ్ల కూలింగ్ పైపు పగిలింది. పైపు పలచబడిపోయింది, మార్చండని రెండుసార్లు ఆఫీసుకి రాశాం. వచ్చే పోర్టులో చూద్దామన్నారు. చూస్తుండగానే నీళ్లు ఫ్లోర్ ప్లేట్ల మీదికి వచ్చేశాయి. వాల్వు కట్టేద్దామంటే చక్రం కదల్లేదు. పదిహేను రోజుల కిందటే గ్రీజు పెట్టినట్టు రిజిస్టర్లో సంతకం ఉంది. చక్రం తిప్పే కడ్డీ, అదే స్పిండిల్ మీద చూస్తే రంగు పొరలు గట్టిపడి ఉన్నాయి. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఫిట్టర్ బాబాయ్ పెద్ద రెంచి తగిలించి, "సాబ్, మీరు బరువంతా దీని మీద వెయ్యండి" అన్నాడు. మోకాళ్ల లోతు నీళ్లలో ఇద్దరం దానికి వేలాడాం. చక్రం పావు తిరుగు తిరిగినప్పుడు బాబాయ్ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

అందుకే సైడ్లిట్జ్ అనగానే నాకు గుర్తొచ్చేది విల్‌హెల్మ్ హైడ్‌కాంప్. ఆ ఓడలో పంపుల పెద్ద. జట్లాండ్‌కి ముందు, 1915 జనవరి 24న ఉత్తర సముద్రంలోనే డాగర్ బ్యాంక్ దగ్గర జరిగిన పోరులో బ్రిటిష్ బ్యాటిల్‌క్రూయిజర్ లయన్ కొట్టిన గుండు వెనకవైపు టరెట్ (ఫిరంగులుండే తిరిగే గది) కింది కవచాన్ని తాకింది. లోపలున్న మందుగుండు అంటుకుంది. అక్కడివాళ్లు తప్పించుకోవడానికి పక్క టరెట్ వైపు తలుపు తీశారు, మంట అందులోకీ పాకింది. దాదాపు 160 మంది పోయారు. ఇంకొంచెం ఆలస్యమైతే మందుగుండు గది పేలి ఓడే ఉండేది కాదు. గదిలోకి నీళ్లు వదిలే వాల్వు చక్రాలు ఎర్రగా కాలిపోతుంటే హైడ్‌కాంప్ వాటిని చేతులతో పట్టుకుని తిప్పాడు. చేతులు కాలాయి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ చక్రాలు తిరిగాయంటే వాటిని ఎవరో రోజూ నిజంగా చూసుకున్నారన్నమాట. ఇది ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు, వాల్వు తిప్పినవాడికి తెలుస్తుంది.

వీడియోలు చేసేవాళ్లు ఎప్పుడూ ఫిరంగి సైజులే పోలుస్తారు. సైడ్లిట్జ్ ఫిరంగుల గొట్టం వెడల్పు 28 సెంటీమీటర్లు, ఎదురుగా ఉన్న లయన్ ఫిరంగులది 34. కానీ నడుం దగ్గర కవచం సైడ్లిట్జ్‌కి 300 మిల్లీమీటర్లు, లయన్‌కి 229. హాంబర్గ్‌లో బ్లోమ్ అండ్ ఫాస్ వాళ్లు కట్టిన ఈ ఓడ లోపలంతా చిన్న చిన్న గదులు. పైగా జర్మన్లు ప్రధాన మందుగుండును ఇత్తడి తొడుగుల్లో ఉంచేవాళ్లు, బ్రిటిష్ వాళ్లది పట్టు సంచుల్లో. త్వరగా కాల్చాలని బ్రిటిష్ నావికులు మందుగుండు గదుల తలుపులు తీసి పెట్టడం మరీ ఘోరం. డాగర్ బ్యాంక్ తర్వాత జర్మన్లు జాగ్రత్తలు పెంచారు. 1916 మే 31న జట్లాండ్‌లో బ్రిటిష్ బ్యాటిల్‌క్రూయిజర్ క్వీన్ మేరీ పేలి 1,266 మంది పోయారు. దాన్ని కొట్టినవాటిలో సైడ్లిట్జ్ కూడా ఉంది.

అదే రోజు సైడ్లిట్జ్‌కి 21 పెద్ద గుండ్లు, ఒక టార్పెడో తగిలాయి. లోపలికి 5,300 టన్నుల నీళ్లు చేరాయి. ముక్కు దాదాపు సముద్రంలో మునిగిపోయింది. దారిలో హార్న్స్ రీఫ్ దగ్గర నేలకు తగిలింది. కెప్టెన్ ఫోన్ ఎగిడీ మనుషులు గది తర్వాత గది గట్టిగా మూసుకుంటూ, పంపులు కొడుతూ ఉండిపోయారు. 98 మంది చనిపోయారు, వెయ్యిమందికి పైగా సిబ్బందిలో మిగతావాళ్లు ఒడ్డుకు చేరారు. విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు గేటు దాటించడానికి బరువు తగ్గాలని ముందు టరెట్ ఫిరంగులు తీసేశారు.

ముక్కు నీళ్లలో, తోక పైకి ఉన్న ఆ ఓడ ఫొటో నా గదిలో గోడ మీద ఉంది. పక్కనే ఆ రాత్రి మేం తిప్పిన వాల్వు చక్రం. దాన్ని ఆ తర్వాత మార్చేశారు, పాతది నేను అడిగి తెచ్చుకున్నాను.