మందు మారుస్తున్నావట

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ హెపటైటిస్ బికి వాడుతున్న ఎంటెకవిర్ ఆపేసి టెనోఫోవిర్ అలాఫెనమైడ్‌కి మారమన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వే చెబితే బాగుండేది, సరేలే. ఈసారి నీ అంతట నువ్వు కాకుండా డాక్టరు చెబితే మారుస్తున్నావు, ఆ మాటకి సంతోషం. కానీ నీ విషయంలో మందు మార్పు అనగానే నువ్వు మందు మానేసిన 2020 నాకు గుర్తొచ్చి గుండె దడదడలాడుతుంది. ఫార్మసీ కౌంటర్ వెనకే బతుకంతా గడిపినదాన్ని, చెప్పకుండా ఊరుకోలేను. ఓపిగ్గా చదువు.

ముందు నీ రిపోర్టులు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే డీఎన్ఏ పరీక్ష మొదట 85, తర్వాత 210, మొన్న 140 ఐయూ (దాన్ని కొలిచే యూనిట్లు). ఎనభై ఐదు కాస్తా రెండొందల పది అయిందని రెండు రాత్రులు నిద్రపోలేదట కదా! ఆ అంకెల పక్కనే లాగ్ అని చిన్నగా ఇంకో అంకె ఉంటుంది, అది చూడాలి. అందులో ఒకటి పెరిగితే వైరస్ పది రెట్లు పెరిగినట్టు. 85 అంటే 1.93, 210 అంటే 2.32, 140 అంటే 2.15. అర లాగ్ లోపు తేడా, అంటే సుమారు మూడు రెట్ల లోపు తేడా, ఈ పీసీఆర్ పరీక్షలో మామూలే. అదే రక్తాన్ని మళ్లీ పరీక్షకి పెట్టినా అంత తేడా రావచ్చు. వైరస్ మందుని తోసుకుని పైకొచ్చింది అనాలంటే నీకు వచ్చిన అతి తక్కువ అంకె మీద పది రెట్లు పెరగాలి. నీ లెక్కన 850 దాటాలి, రెండోసారి పరీక్షలోనూ అలాగే ఉండాలి. అది జరగలేదు. నీది పెరిగే వైరస్ కాదు, పూర్తిగా పోకుండా అడుగున మిగిలిపోయిన వైరస్. 2000 లోపే ఉంటూ, ఏడాది దాటినా కనబడుతూనే ఉంటే లో లెవెల్ వైరీమియా అంటారు.

ఇక మీదట పరీక్ష ఒకే ల్యాబులో చేయించు. గాజువాకలో ఒకసారి, డాబా గార్డెన్స్‌లో ఒకసారి అంటూ తిరిగితే అంకెల్ని పోల్చడం కష్టం. కొన్ని పాత రిపోర్టులు ఐయూల్లో కాక 'కాపీలు' అనే వేరే కొలతలో ఉంటాయి, ఒక ఐయూకి దగ్గర దగ్గర ఐదు కాపీలు, కిట్టుని బట్టి కాస్త అటూ ఇటూ. ఇంకొకటి, '20 కన్నా తక్కువ' అని వస్తే వైరస్ లేదని కాదు, ఉంది గానీ లెక్కకి అందలేదని. 'నాట్ డిటెక్టెడ్' వేరు.

అసలు మార్చాలా అంటే, పెద్ద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. అమెరికా లివర్ వైద్యుల సంఘం 2018లో, ఈ కొద్దిపాటి వైరస్‌కి ఉన్న మందే కొనసాగించమంది. చైనా వాళ్లు 2022లో, మార్చమని గానీ ఇంకో మందు జోడించమని గానీ చెప్పారు. నీకైతే మార్చడమే మంచిదని నా మనసుకీ అనిపిస్తోంది. మీ తాతయ్యది లివర్ క్యాన్సరే కదా. వైరస్ కొద్దిగా అయినా కనబడుతున్నవాళ్లలో, ముఖ్యంగా లివర్ గట్టిపడినవాళ్లలో, ఆ ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ నీకు బాగానే ఉంది, అయినా ఆ ఇంటి పిల్లాడివి.

సరే, డాక్టరు నిన్ను అడిగారో లేదో, నేను అడుగుతున్నాను. ఎంటెకవిర్ ఎలా వేసుకుంటున్నావు? ఏ షిఫ్ట్‌లో ఎప్పుడు? అది ఖాళీ కడుపు మందు. తిన్న రెండు గంటలకి వేసుకోవాలి, వేసుకున్నాక ఇంకో రెండు గంటలు ఏమీ తినకూడదు. అన్నంతో పాటు మింగితే రక్తంలోకి చేరేది సుమారు ఐదో వంతు తగ్గుతుంది. స్టీల్‌ప్లాంట్‌లో ఓ వారం ఏ షిఫ్ట్, ఓ వారం బీ, ఓ వారం సీ. సీ షిఫ్ట్ చేసి పొద్దున్న ఆరింటికి దిగి, ఉక్కునగరం బయట ఇడ్లీ తిని, ఇంటికొచ్చి మాత్ర మింగి పడుకుంటావు. ఆదివారం మర్చిపోతావు. ఇది నా ఊహే, తప్పయితే మంచిదే. నెలలో నాలుగైదు మాత్రలు తప్పుతుంటే మాత్రం డాక్టరుకి ఆ సంగతి చెప్పి తీరాలి. లేకపోతే తప్పు మందుదనుకుంటారు, రేపు కొత్త మందుకీ అదే గతి. ఇంత తక్కువ వైరస్ మీద రెసిస్టెన్స్ పరీక్ష (వైరస్ మందుకి లొంగుతోందో లేదో చూసేది) చేయించినా చాలాసార్లు ఫలితం రాదు, కాబట్టి నీ నోటి మాటే వాళ్లకి ఆధారం. అలాగే ఎంటెకవిర్ మొదలెట్టక ముందు ఎవరైనా లామివుడిన్ అనే పాత మందు రాశారేమో పాత చీటీలు వెతుకు. లామివుడిన్‌కి అలవాటు పడిన వైరస్ ఎంటెకవిర్‌కి తొందరగా లొంగకుండా పోతుంది. టెనోఫోవిర్ అక్కడా పని చేస్తుంది.

కొత్తది 25 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి, అన్నంతో. ఖాళీ కడుపు బాధ లేదు. నీ షిఫ్టులకి ఇదే పెద్ద మేలు. ఏ షిఫ్టయినా నువ్వు తప్పకుండా ఇంట్లో తినే పూట ఏదో చూసుకుని దానికి కట్టేసెయ్. మర్చిపోయి పద్దెనిమిది గంటల లోపు గుర్తొస్తే వెంటనే వేసుకో, అది దాటితే వదిలేసి మర్నాటి మాత్ర వేళకి వేసుకో. రెండు కలిపి మింగకు. వేసుకున్న గంటలోపు వాంతయితే మాత్రం ఇంకొకటి వేసుకోవాలి.

మార్చే రోజు చెయ్యాల్సింది చిన్న పనే. ఇవాళ ఆఖరి ఎంటెకవిర్, రేపు మొదటి టెనోఫోవిర్. మధ్యలో 'ఒంటికి విశ్రాంతి' అంటూ వారం ఆగడాలు లేవు. కొత్త సీసా చేతికొచ్చి, మూత తీసి, మాత్ర కళ్లారా చూశాకే పాతది ఆపు.

ఇక్కడే నాకు భయం. 2020లో నువ్వు చేసిన పని మళ్లీ ఎత్తుతున్నానని కోపం తెచ్చుకోకు. మొదటిసారి 'నాట్ డిటెక్టెడ్' వచ్చింది. ఆ నెలలోనే పెళ్లయింది. అనకాపల్లిలో అత్తగారింటికి వెళ్తూ సీసా ఇక్కడ వదిలేశావు, ఎవరైనా చూసి ఏం మందని అడుగుతారని. వారం అన్నది నెలయింది. ఏమీ కాలేదు కదా, వైరసూ లేదు కదా, ఇంకెందుకులే అనుకున్నావు. నాలుగో నెలలో వాంతులు, పచ్చటి కళ్లు, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ తొమ్మిది వందల పైన, పదకొండు రోజులు ఆస్పత్రి మంచం. నీకు ఇన్నాళ్లూ ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు, అందుకే చెబుతున్నాను.

ఈ మందులు వైరస్‌ని చంపవు. వైరస్ తన నకళ్లు తీసుకునే పనిని మాత్రం అడ్డుకుంటాయి. లివర్ కణం నడిమధ్య కేంద్రకంలో దాని మూలప్రతి చుట్టలా భద్రంగా కూర్చుని ఉంటుంది, దాన్ని ఎంటెకవిరూ తాకదు, టెనోఫోవిరూ తాకదు. తుంగ పైన కోసేస్తే చేను శుభ్రంగా కనబడుతుంది, గడ్డ కింద అలాగే ఉంటుంది. మందు ఆపగానే నకళ్లు మళ్లీ మొదలు. మొదటి వారాల్లో నీకేమీ తెలియదు, ఒంట్లో ఏ బాధా ఉండదు, అదే మోసం. రక్తంలో వైరస్ లక్షల్లోకి పోయాక నీ రోగనిరోధక శక్తి మేలుకుని వైరస్ ఉన్న లివర్ కణాల మీదే పడుతుంది. ఏఎల్‌టీ వందల్లోకి ఎగిరేది అప్పుడే. లివర్‌ని పాడు చేసేది వైరస్ కంటే ఆ దాడే. కళ్లు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ పెరిగి, రక్తం గడ్డకట్టే వేళ చెప్పే ఐఎన్ఆర్ పెరిగి, మనిషి మగతలోకి పోతే ఇక లివర్ మార్పిడి మాటే. నీ లివర్ గట్టిపడి లేదు కాబట్టి తట్టుకుంది. లివర్ గట్టిపడిపోయి సిర్రోసిస్ ఉన్నవాడు అదే పని చేస్తే తిరిగి ఇంటికి రాకపోవచ్చు. హెపటైటిస్ బి మందు డబ్బా లోపలి కాగితంలో పెట్టెగీత లోపల ముద్రించే హెచ్చరిక ఇదే, ఎవరూ చదవరు.

ఏడో తరగతిలో మలేరియా వస్తే చేదు క్లోరోక్విన్ మాత్రలు నాలిక కింద దాచి పెరటి కాలవలో ఉమ్మేసిన వాడివి నువ్వు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రాదు నాన్నా.

కాబట్టి ఎంటెకవిర్ కనీసం పదిహేను రోజులకి సరిపడా మిగిలి ఉండగానే కొత్తది కొను. కొత్తది మొదలెట్టాక ఆ మిగిలినవి పారెయ్యకు. స్టాకు లేదని షాపువాడు వారం తిప్పితే, డాక్టరుకి ఫోన్ చేసి ఆ వారం ఏది వేసుకోవాలో అడగడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

షాపులో జాగ్రత్త. టెనోఫోవిర్ పేరుతో రెండు మాత్రలున్నాయి. 300 మిల్లీగ్రాములది డైసోప్రాక్సిల్, 25ది అలాఫెనమైడ్. వైరస్ మీద 300ది తక్కువేమీ కాదు, కిడ్నీ మీద, ఎముకల మీద భారం మాత్రం దానిదే ఎక్కువ. అంకె చూసి తీసుకో. ఎమ్‌ట్రిసిటబిన్‌తో కలిపిన సీసా ఇస్తే వెనక్కిచ్చెయ్, అది వేరే మందు. టెనోఫోవిర్ హెచ్ఐవీ చికిత్సలోనూ వాడతారు, కౌంటర్లో కుర్రాడు ఏదో అన్నాడని ముడుచుకుపోకు. కానీ మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ పరీక్ష ఒకటి తప్పనిసరి. అది కూడా ఉన్నవాడికి ఈ ఒక్క మాత్రే ఇస్తే హెచ్ఐవీ మందుకి లొంగకుండా తయారవుతుంది. ఖర్చు ఎక్కువైతే కేజీహెచ్‌లో, అదే మన కింగ్ జార్జ్ ప్రభుత్వాస్పత్రిలో, కనుక్కో. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో హెపటైటిస్ బి మందులు ఉచితం. రెండు టెనోఫోవిర్లలో ఏది ఇస్తున్నారో అడిగి తీసుకో.

మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, లిపిడ్ ప్రొఫైల్ చేయించి కాగితాలు దాచు. కొత్త మందుతో కొందరికి కొలెస్ట్రాల్, బరువు పెరుగుతాయి. ముందరి అంకె లేకపోతే పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? నీ ఏఎల్‌టీ 52 కూడా వైరస్ పనే కాకపోవచ్చు. ఆ పొట్ట చూస్తే ఫ్యాటీ లివర్ అనిపిస్తోంది. మందు మార్చినా 52 తగ్గకపోతే మందుని తిట్టకు, బిర్యానీ తగ్గించు. బీరు పూర్తిగా మానెయ్, దాంట్లో బేరాల్లేవు.

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకి ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఈ మందుని ఒంట్లో పని చెయ్యనివ్వవు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, పంటి డాక్టరైనా సరే, ముందు ఈ మాత్ర పేరు చెప్పు. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వారాల తరబడి మింగడం మానెయ్, కిడ్నీకి చేటు.

మీ అత్తగారు పసరు మందు మాట ఎత్తుతారు, నాకు తెలుసు. నేల ఉసిరి మీద 1988లో మద్రాసు నుంచి మంచి ఫలితాలు వచ్చిన మాట నిజమే. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో అవి నిలబడలేదు. ఆవిడతో వాదించకు, దణ్ణం పెట్టి ఊరుకో. మాత్ర మాత్రం ఆపకు.

సీసాలో చిన్న తేమ పీల్చే సంచి ఉంటుంది, దాన్ని పారెయ్యకు. మన సముద్రపు గాలికి మాత్రలు బయట పెడితే చెమ్మగిల్లుతాయి. వారం డబ్బాల్లో పొయ్యొద్దు, సీసాలోనే ఉంచు. వంటింటి గట్టు మీద వద్దు.

మూడో నెలలో డీఎన్ఏ, ఏఎల్‌టీ, క్రియాటినిన్. ఆరో నెలలో మళ్లీ. మూడో నెలకే వైరస్ మాయం కాకపోతే కంగారు పడకు, ఉన్నది కొంచెమే కాబట్టి తగ్గుదల కూడా నిదానంగానే కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మాత్రం డీఎన్ఏ ఎంత వచ్చినా ఆగకూడదు, కొత్త మందు వచ్చిందని అది మానేస్తావేమోనని ఇప్పుడే చెబుతున్నా. మీ తాతయ్యకి నొప్పి తెలిసేసరికి కణితి ఏడు సెంటీమీటర్లు.

కోడలు మూడు డోసుల టీకా వేయించుకుంది కదా, యాంటీబాడీ పరీక్ష చేయించారా? 10 దాటి ఉండాలి. రేపు పిల్లలు పుట్టినా, తల్లికి వైరస్ లేదు కాబట్టి భయం అక్కర్లేదు, పుట్టిన ఇరవై నాలుగు గంటల్లో వేసే టీకా మాత్రం తప్పకూడదు.

వచ్చేటప్పుడు పాత చీటీలన్నీ ఫైల్లో పెట్టి పట్టుకురా. కొత్త సీసా కొన్నాక లేబుల్ ఫొటో వాట్సాప్ చెయ్, అంకె కనబడేలా తియ్యి.

పెద్దమ్మ