నెల్లూరు లాంటి ఊళ్లో ఎంటీబీ ఫోర్కు బాగుచేసేవాళ్లను నమ్మొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: మీరు ఒంగోలులో ఉంటారు. ఎయిర్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని, లోపలి గాలితో గతుకులు మింగే భాగం) ఉన్న మౌంటెన్ బైకు, అంటే ఎంటీబీ. ఫోర్కు కుడి కాలు వైపు నూనె కారుతోంది. కొన్న షాపువాళ్లు ఫోర్కు మొత్తం మార్చేయమన్నారు. చెన్నైకో బెంగళూరుకో పంపకుండా దగ్గర్లో చేయించుకోవచ్చా, చేసేవాళ్లకు అసలు ఆ పని తెలుసా అని అడిగారు.

నేను చేయించుకునే చోట వాళ్లకు తెలుసు. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు వైపు ఒక సందులో ఉంటుంది. పేరూ నంబరూ ఇక్కడ రాయొద్దన్నారు, ఉన్న పనే తెమలడం లేదట. ఆ వైపు వెళ్లి ఏ టూవీలర్ మెకానిక్కును అడిగినా దారి చూపిస్తాడు. బోర్డు మీద సైకిల్ బొమ్మ వెతక్కండి, ఉండదు. షాకబ్జర్ పని అని మాత్రం ఉంటుంది.

షాపులో ముగ్గురు. పెద్దాయన, ఆయన భార్య, ఆయన మేనల్లుడు. ఫోర్కు ఎవరు విప్పుతారన్నదాని కంటే ఈ ముగ్గురూ కలిసి ఎలా పనిచేస్తారన్నదే మీ ప్రశ్నకు అసలు జవాబు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పెద్దాయన జీవితమంతా మోటార్ సైకిళ్ల ఫ్రంట్ ఫోర్కుల మీదే గడిచింది. మీ సైకిల్ చూడగానే ఆయన చేసే మొదటి పని, ఫోర్కు పైపు (కింది కాలులోకి జారే గొట్టం) తుడిచి బొటనవేలి గోరు పెట్టి పైనుంచి కిందికి లాగడం. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గీత ఉన్నట్టే. ఆ గీత నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు పెదవిని కోస్తూనే ఉంటుంది, కొత్త సీలు వేసినా కొన్నాళ్లకు మళ్లీ కారుతుంది. గోరుకు తగలకపోతే సీలు మారిస్తే సరిపోతుంది. మీకు ఫోర్కు మార్చమని చెప్పినవాళ్లు ఈ పరీక్ష చేశారో లేదో నాకు అనుమానమే.

మోటార్ సైకిల్ మనిషికి సైకిల్ ఫోర్కు ఏం తెలుస్తుంది అనుకోకండి. సైకిల్ ఫోర్కుకు పుట్టిల్లే మోటార్ సైకిల్. 1989లో రాక్‌షాక్స్ అనే సైకిల్ ఫోర్కుల కంపెనీ పెట్టిన పాల్ టర్నర్ అంతకు ముందు మోటోక్రాస్ మెకానిక్కు. మరుసటి ఏడు కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్ (కొండ దిగే పందెం) గెలిచింది ఆ కంపెనీ ఫోర్కు మీదే. లోపలి సూత్రం ఇప్పటికీ అదే. బరువు మోయడానికి స్ప్రింగో గాలో ఉంటుంది, ఎగరకుండా ఆపడానికి సన్నని రంధ్రాల గుండా నూనె పోతుంది.

అయితే తేడాలు ఉన్నాయి, మోటార్ సైకిల్ మెకానిక్కులు చాలామంది బోల్తాపడేది అక్కడే. నూట పది కిలోల బండి కింద ఉండే ఆయిల్ సీలు బిగుతుగా ఉన్నా నడిచిపోతుంది, బండి బరువే దాన్ని కదిలిస్తుంది. పద్నాలుగు పదిహేను కిలోల సైకిలుకు కొలత కుదిరింది కదా అని అదే సీలు కొడితే ఫోర్కు చిన్న గతుకులకు కదలదు. కారడం ఆగుతుంది, సస్పెన్షన్ కూడా ఆగుతుంది. అలా చేసి ఇచ్చే చోట్లు ఉన్నాయి, జాగ్రత్త.

ఈ తేడాలన్నీ షాపులోకి తెచ్చింది మేనల్లుడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, చెన్నైలో ఒక సైకిల్ షాపులో పనిచేసి, కరోనా సమయంలో ఇంటికి వచ్చినవాడు తిరిగి వెళ్లలేదు. కంపెనీ మాన్యువల్ ఫోన్‌లో తెరవకుండా బోల్టు ముట్టుకోడు. మొదట్లో మామకు ఇదంతా అతిగా అనిపించేదట. మోటార్ సైకిల్ ఫోర్కు ఒక్కో కాలికి వంద మిల్లీలీటర్లకు పైగా నూనె తాగుతుంది. సైకిల్ ఫోర్కు కింది కాళ్లలో పోసేది చాలా మోడళ్లలో ఐదు నుంచి పది మిల్లీలీటర్లే, అది కేవలం పైపు జారే బుష్షులు తడవడానికి. కుర్రాడు మందుల షాపు నుంచి తెచ్చిన సిరంజితో కొలిచి పోస్తుంటే పెద్దాయన నా ముందే అన్నాడు, "రెండు బొట్ల నూనెకు సూదిమందు ఏందిరా!" అని. "ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటుండదు మామా, చివర్లో రాయిలా తగులుద్ది" అన్నాడు వాడు తలెత్తకుండా. ఇప్పుడు సిరంజి పెద్దాయన చేతిలోనూ కనిపిస్తుంది.

దీనికి ఉల్టా జరగడం కూడా చూశాను. బోల్టు ఎంత బిగించాలో పుస్తకం చెబుతుంది గానీ, మరలు అరిగిపోయిన మెగ్నీషియం కాలులో ఆ బిగింపు పట్టకముందే ఆపాలని చెయ్యి చెప్పాలి. అలాంటివి వస్తే కుర్రాడు పక్కకు జరుగుతాడు.

ఇక అక్క. మేమంతా అక్కా అనే పిలుస్తాం. డబ్బులు తీసుకునేది ఆమె, సీళ్లు తెప్పించేది ఆమె, నోటు పుస్తకం రాసేది ఆమె. నన్నడిగితే ఆ షాపులో అసలు విలువైన వస్తువు ఆ పుస్తకమే. ఒక్కో ఫోర్కుకు ఒక పేజీ. తొక్కే మనిషి బరువు, పైపు మందం, ఎంత గాలి పెట్టారు, ఏ సీలు వేశారు, చివరిసారి ఎప్పుడు విప్పారు. అన్నిటికన్నా ముందు ఆమె అడిగేది, "నువ్వు ఎక్కువగా యాడికి పోతుండావు?" అని.

కుశల ప్రశ్న అనుకునేరు. మైపాడు వైపు, కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే సైకిళ్లకు ఉప్పు జబ్బు. చవక ఫోర్కుల స్టీలు పైపు మీద క్రోమియం పూత చుక్కలు చుక్కలుగా లేస్తుంది, ఖరీదైన ఫోర్కుల మెగ్నీషియం కాళ్లకు రంగు లేచిన చోట తెల్లటి పొడి పడుతుంది. మీ ఒంగోలు వైపు, చీమకుర్తి దారుల్లో తిరిగే సైకిళ్లకు రాతి దుమ్ము జబ్బు. డస్ట్ సీలు కింద చేరిన ఆ దుమ్ము నూనెతో కలిసి రుబ్బుతుంది, బుష్షులు అరుగుతాయి. (చీమకుర్తి గెలాక్సీ అని అమ్మే నల్ల రాయి భూగర్భ శాస్త్రం లెక్కన గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. సీలుకు మాత్రం ఆ తేడా తెలియదు.) ఉదయగిరి, పెంచలకోన కొండల దగ్గరికి వెళ్లేవాళ్ల ఫోర్కులకు వీళ్లు ఎప్పుడూ పెద్దగా పనే చెప్పరు. కొండ కంటే చదును నేల మీదే ఫోర్కు ఎక్కువ చెడుతుందని నాకు అక్కడే తెలిసింది.

వేళకు విప్పించేవాళ్లు తక్కువ. రాక్‌షాక్స్ తన చాలా ఫోర్కులకు 50 గంటలకు ఒకసారి కింది కాళ్లు విప్పి శుభ్రం చేసి నూనె మార్చమంటుంది, 200 గంటలకు లోపలి డ్యాంపర్‌తో (నూనెతో ఎగరకుండా ఆపే భాగం) సహా పూర్తి సర్వీసు. ఇంకో ఫోర్కుల కంపెనీ ఫాక్స్ 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటుంది. ఉప్పు గాలిలో, దుమ్ములో ఇంకా ముందే మేలు.

మీ కుడి కాలు సంగతికి వద్దాం. రాక్‌షాక్స్, ఫాక్స్ ఫోర్కుల్లో మామూలుగా సీటు మీద కూర్చున్నప్పుడు ఎడమ కాలిలో గాలి, కుడి కాలిలో డ్యాంపర్ ఉంటాయి. నూనె పైన, పైపు చుట్టూ ఉంగరంలా కనిపిస్తుంటే అది డస్ట్ సీలు పని, చిన్న ఖర్చు. అడుగున బోల్టు దగ్గర కారుతుంటే వాషరు కావచ్చు, డ్యాంపర్ కడ్డీ సీలు కావచ్చు. లాకౌట్ (ఫోర్కు కదలకుండా ఆపే మీట) వేసినా ఫోర్కు దిగిపోతోందా చూడండి. దిగిపోతుంటే డ్యాంపర్ విప్పాల్సిందే, అది కూడా మార్చాల్సినంత పెద్ద జబ్బు కాదు.

ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కీ ఊపండి. టక్ టక్‌మని వస్తే ఒక వేలు హ్యాండిల్ కింద హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) దగ్గర, తర్వాత పైపు సీలులోకి దిగే చోట పెట్టి ఊపండి. కదలిక ఎక్కడ తెలుస్తుందో లూజు అక్కడే. హెడ్‌సెట్ అయితే బిగిస్తే పోతుంది. బుష్షు అయితే టెన్షన్ పడాల్సిందే, విడిభాగం దొరకడం కష్టం. వీళ్లు పక్క వీధిలో లేత్ ఆయన చేత చేయించి ఇస్తారు. పైపూ కాళ్లూ రెండూ ఆయన ముందు పెడితేనే కొలత తీసుకుంటాడు, ఫోన్‌లో చెప్పిన సైజుకు చెయ్యడు.

వాళ్లు చేయనివి కూడా చెప్పాలి, నాకు నమ్మకం కుదిరింది అందువల్లే. వెనక షాక్‌లో నైట్రోజన్ నింపిన భాగం విప్పరు. గాలి డబ్బా వరకు సీళ్లు మారుస్తారు, మిగతాది బెంగళూరు పంపమంటారు. పైపు కిరీటంలోకి (రెండు పైపులనూ పైన కలిపే ముక్క) దిగే చోట కిర్రుమంటుంటే దానికి రిపేరు లేదని మొహం మీదే చెబుతారు. ఫోర్కుకు వెల్డింగ్ అన్న మాట ఎత్తితే పెద్దాయనకు కోపం వస్తుంది. చవక స్ప్రింగు ఫోర్కు తెస్తే విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి ఇస్తారు. అంతకు మించి దాని మీద ఖర్చు పెట్టొద్దంటారు.

డబ్బు సంగతి. నాకు కింది కాళ్ల సర్వీసుకు లేబరు ఆరేడు వందలు పడింది, సీళ్లు వేరే. దీని మీద ముగ్గురు బతకలేరు, వాళ్లు బతకడం లేదు కూడా. ఇల్లు నడిచేది మోటార్ సైకిళ్ల మీద, రొయ్యల గుంటల్లో తిరుగుతూ నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల గేర్‌బాక్సుల సీళ్ల మీద. గుంటలో ఏరేటర్ ఆగితే రైతుకు ఆ రాత్రే లక్షల్లో నష్టం రావచ్చు, కాబట్టి ఏ వేళ వచ్చినా అదే ముందు. మీ సైకిల్ పక్కన ఉంటుంది. ఇది నిర్లక్ష్యం కాదు. అలా ఆగడం ఇష్టం లేనివాళ్లు చెన్నై పంపుకోవడమే మంచిది.

ఇంకో చిన్న విషయం. ఎండాకాలంలో ఉదయం 30 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ గాలి పెడితే 45 డిగ్రీల ఎండలో అదే సుమారు 85 అవుతుంది. మధ్యాహ్నం ఫోర్కు గట్టిపడిందంటూ మేనల్లుడి దగ్గరికి పరుగెత్తకండి.

సైకిల్ మొత్తం తీసుకెళ్లక్కర్లేదు. ఫోర్కు ఒక్కటే విప్పి గోతంలో చుట్టి రైల్లో తీసుకెళ్లొచ్చు, హెడ్‌సెట్ బాగానే ఉందని పైన చెప్పిన పరీక్షలో తేలితేనే. కారిన నూనెను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగకండి, రబ్బరు ఉబ్బుతుంది. పొడి గుడ్డతో తుడవండి చాలు. డిస్కు బ్రేకు అయితే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లు ఉండే భాగం) ముందే విప్పి ఇంట్లో పెట్టండి. నూనె తగిలిన ప్యాడ్లు మళ్లీ పట్టవు, కొత్తవి కొనాల్సి వస్తుంది.