మీడియావికీ టెస్టులు: అన్నీ ఒకేసారి నడపకండి

మీ సమస్య ఇదీ: మొదటి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపుదామని వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ కోడ్ దించుకున్నారు, టెస్టులన్నీ నడిపారు, మీరు చెయ్యి పెట్టని చోట్ల కూడా ఎర్రగా, అంటే ఫెయిలైనట్టు, వచ్చాయి. తప్పు నాదేనా అంటున్నారు. చాలావరకు కాదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. టెస్టులు పెట్టి, అన్నం తిని వచ్చినా ఇంకా నడుస్తూనే ఉన్నాయి, ఎరుపు పెరుగుతూనే ఉంది. తీరా చూస్తే కారణాలు రెండే. కొత్త కోడ్ పుల్ చేశాక, దానికి కావాల్సిన పీహెచ్‌పీ లైబ్రరీలను తెచ్చిపెట్టే కంపోజర్‌తో అప్‌డేట్ కొట్టడం మర్చిపోయాను. పైగా లోకల్‌సెట్టింగ్స్‌లో (మన వికీ సెట్టింగులుండే ఫైలు) సరదాకి నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు పెట్టుకున్నాను. ఇంటిగ్రేషన్ టెస్టులు (భాగాలన్నీ కలిసి పనిచేస్తున్నాయా అని చూసేవి) వాటిని కూడా ఎక్కించుకునే నడుస్తాయి. ముందు అవి కామెంట్ చేసేయండి.

తర్వాత యూనిట్ టెస్టులు (ఒక్కో చిన్న ముక్కను విడిగా చూసేవి) మాత్రం నడపండి. అవి డేటాబేస్ జోలికి పోవు కాబట్టి త్వరగా అయిపోతాయి. ఆపైన మీ మార్పుకి సంబంధించిన టెస్టు ఫైలు ఒక్కటి నడిపితే చాలు. ఇంటిగ్రేషన్ టెస్టులు డేటాబేస్ టేబుళ్ల పేర్లకు ముందు ‘యూనిట్‌టెస్ట్’ అని తగిలించిన నకళ్ల మీద పని చేస్తాయి, మీ పేజీలకు ఢోకా లేదు. (అలాగని జనం వాడే సైటు మీద ప్రయోగాలు చేయకండి.) మిగతావి, మార్పుల్ని సమీక్షించే సైటు గెరిట్‌కి పంపాక, టెస్టుల్ని తనంతట తానే నడిపే జెంకిన్స్ చూసుకుంటుంది.

అక్కడ ఎరుపొస్తే, టెస్టులు మళ్లీ నడవడానికి ‘రీచెక్’ అని కామెంట్ పెట్టమంటారు. లాగ్ చదవకుండా మాత్రం పెట్టకండి. ఒకసారి నా టెస్ట్ రాత్రి ఫెయిలయ్యేది, పొద్దున రీచెక్ కొడితే పాసయ్యేది. సర్వర్ గొడవేమోలే అని వారం రోజులు వదిలేశాను. అసలు సంగతేమిటంటే, మీడియావికీ సమయాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) దాచుకుంటుంది. నేనేమో టెస్టులో రావాల్సిన తేదీని కోల్‌కతా టైమ్‌జోన్‌లో లెక్కగట్టాను. మనకు అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము 5:30 వరకు యూటీసీలో ఇంకా నిన్నే. పిల్లలు పడుకున్నాకే నేను కోడ్ ముందు కూర్చునేది, సరిగ్గా ఆ వేళకే! మీడియావికీ వాడే కన్వర్టిబుల్‌టైమ్‌స్టాంప్ క్లాసులో ‘సెట్‌ఫేక్‌టైమ్’ అనే ఫంక్షన్ ఉంది. దాంతో గడియారాన్ని ఒకచోట ఆపేస్తే ఆ పీడ వదిలింది.

మీ మార్పు పేజీ పేర్లకు సంబంధించినదైతే టెస్టులో ఒక తెలుగు పేరు కూడా పెట్టండి. పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి విడిగా మరో 3. ‘తెలుగు’ అంటేనే 18. అన్నీ ఇంగ్లీషు పేర్లే ఇస్తే అక్షరం మధ్యలో తెగిపోయే బగ్గు ఎప్పటికీ బయటపడదు.

ఇదంతా చేశాక కూడా ఎరుపొస్తే, మొట్టమొదటి ఎర్రర్ పూర్తిగా ఇక్కడ పెట్టండి. దాని కిందవి తరచుగా దాని పిల్లలే.