తుపాను తగ్గినా మా ఊరికి కరెంటు ఎందుకు ఆలస్యం?

పక్క ఊళ్లో లైట్లు వెలిగాయి, మన ఊళ్లో ఇంకా చీకటే. విడవలూరు, కొత్తపట్నం లాంటి తీర మండలాల్లో తుపాను వెళ్లాక ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది.

కరెంటు 33 కేవీ (33 వేల వోల్టుల) లైను మీద సబ్‌స్టేషన్‌కి వచ్చి, అక్కడ 11 కేవీకి తగ్గి, ఫీడర్ల (ఒక్కో ప్రాంతానికి వెళ్లే లైన్ల) మీదుగా ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరుతుంది. పై లైను తెగి ఉంటే కింద ఎన్ని స్తంభాలు నిలబెట్టినా లాభం లేదు, కాబట్టి పైనుంచి బాగు చేసుకుంటూ వస్తారు. పక్క ఊరు వేరే ఫీడర్ మీద ఉంటే ముందే వెలుగుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో స్తంభం పడిందా, అక్కడికి క్రేన్ దిగదు. మనుషులే మోయాలి.

సముద్రపు ఉప్పు సంగతి చాలామందికి తెలియదు. అది తీగ స్తంభానికి తగలకుండా పట్టే ఇన్సులేటర్ల మీద పేరుకుని, చిన్న చినుకుకే తడిసి కరెంటు జారి ఫీడర్ ట్రిప్ అవుతుంది, అంటే దానంతట అదే ఆగిపోతుంది. అక్టోబరు వానలకు ముందే వాటిని శుభ్రం చేయడం, లైను పక్క కొమ్మలు కొట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

రొయ్యల చెరువుల వాళ్లకు ఒక్క మాట. ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) జనరేటర్ వేసేటప్పుడు, దాన్ని ఊరి లైను నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. లేకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి 11 కేవీ అవుతుంది, స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. తెగిన తీగ కనిపిస్తే దూరంగా ఉండి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.