మిథైల్ అయోడైడ్ సీసా ఎర్రబడితే

నల్లగొండలో మీ కాలేజీ ల్యాబ్‌లో మిథైల్ అయోడైడ్ (సేంద్రియ రసాయన ప్రయోగాల్లో వాడే ద్రవం) సీసా ఎర్రబడిందని, మూత తీస్తే బుస్సుమందని, పారబోయాలా అని అడిగారు. సీసాకు వెలుతురు తగిలింది, అంతే. వెలుతురుకు మిథైల్ అయోడైడ్ కొద్దికొద్దిగా విడిపోయి అయోడిన్ వదులుతుంది. మీకు కనిపించిన ఎర్ర గోధుమ రంగు అదే. పారబోయకండి, గ్రిగ్నార్డ్ ప్రయోగానికి (ఇలాంటి ద్రవాన్ని మెగ్నీషియంతో కలిపి చేసేది) ముందు శుభ్రం చేస్తే పనికొస్తుంది.

1. మూత తీసేముందు సీసాను ఐస్‌లో ఉంచండి. ఇది 42.4 డిగ్రీలకే మరుగుతుంది, మన మే నెల ఎండకు అదేమంత ఎక్కువ కాదు. మీకు బుస్సుమని వినిపించింది అందుకే.
2. ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే గూడు), సపరేటింగ్ ఫనల్‌లో (పొరలను విడదీసే, కింద కుళాయి ఉన్న గాజు పాత్ర) అయోడిన్ రంగు పోగొట్టే పలచని సోడియం థయోసల్ఫేట్ ద్రావణంతో రంగు పోయేదాకా కడగండి. మధ్యమధ్య ఆవిరి వదలండి.
3. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నీటిపై తేలే ఈథర్‌తో పనిచేసిన అలవాటు కొద్దీ పై పొర ఉంచుకుని కిందిది వదిలేస్తారు. మిథైల్ అయోడైడ్ సాంద్రత 2.28, నీటికి రెండింతల పైనే. మీకు కావాల్సింది కింది పొర. అనుమానముంటే ఒక చుక్క నీళ్లు వేయండి, అది ఏ పొరలో కలిస్తే అది నీటిది. తేలేదాకా ఏ పొరనూ పారబోయొద్దు.
4. నీళ్లతో కడిగి, అనార్ద్ర (నీరు లేని) కాల్షియం క్లోరైడ్‌తో తడి తీసి, డిస్టిల్ చేయండి (మరిగించి, ఆవిరిని చల్లార్చి మళ్లీ ద్రవంగా పట్టండి).
5. ముదురు రంగు సీసాలో చిన్న రాగి తీగ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ అయోడిన్ పుట్టినా రాగి పట్టేస్తుంది.

దీని ఆవిరి విషం, పలచటి లేటెక్స్ గ్లోవ్స్ దీన్ని ఆపలేవు. హుడ్ సరిగా లాగకపోతే అసలు మొదలుపెట్టొద్దు.