సింక్ సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: నాకు ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. రెండింట్లోనూ క్రోమే. సింక్ ఆన్ చేస్తే బుక్‌మార్కులు, హిస్టరీ, పాస్‌వర్డులు రెండు చోట్లా కనిపిస్తాయట. మరి అవన్నీ గూగుల్ వాళ్లు చూడగలరా? ఫైర్‌ఫాక్స్‌కి మారితే నయమా?

జవాబు: డేటా దారిలో వెళ్లేటప్పుడు ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే ఇతరులు చదవలేని గుప్తరూపంలోనే, వెళుతుంది. అసలు సంగతి సర్వర్‌కి చేరాక మొదలవుతుంది. క్రోమ్‌లో ఏమీ మార్చకుండా వదిలేస్తే, దాన్ని విప్పే తాళంచెవి గూగుల్ దగ్గరే ఉంటుంది. మీ ఖాతా ఇంకొకరి చేతికి చిక్కితే లోపలున్నవీ చిక్కినట్టే.

తాళంచెవి మీ దగ్గరే ఉండాలంటే సింక్ పాస్‌ఫ్రేజ్ (కొన్ని మాటలతో కూర్చిన పొడవాటి పాస్‌వర్డు) పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో సింక్ విభాగం తెరిచి, ఎన్‌క్రిప్షన్ ఆప్షన్స్‌లోకి వెళ్తే సొంత పాస్‌ఫ్రేజ్ పెట్టుకునే వీలు కనిపిస్తుంది. ఖాతా పాస్‌వర్డునే ఇక్కడా పెడితే మాత్రం చేసిన పని వృథా. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు మాటలు వరసగా పెట్టండి, కాగితం మీద రాసి దాచండి. రెండో కంప్యూటర్ కూడా ఇదే అడుగుతుంది.

దీనివల్ల కొన్ని సౌకర్యాలు పోతాయి. గూగుల్ పాస్‌వర్డ్ వెబ్‌సైటులో మీ పాస్‌వర్డులు కనబడవు. గూగుల్ పేలో దాచిన కార్డులు, చిరునామాలకు ఈ రక్షణ వర్తించదు. పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే తిరిగి తెప్పించే దారి లేదు; సర్వర్‌లో ఉన్న డేటా చెరిపేసి, కంప్యూటర్‌లో మిగిలినదాన్ని మళ్లీ ఎక్కించాలి.

ఫైర్‌ఫాక్స్‌లో తాళంచెవి మీ దగ్గరే ఉండే ఈ ఏర్పాటు మొదటినుంచీ ఉంటుంది. మీ పాస్‌వర్డు నుంచి తాళంచెవి మీ కంప్యూటర్‌లోనే తయారవుతుంది. అసలు పాస్‌వర్డు సర్వర్‌కి వెళ్లదు. అందుకే పాస్‌వర్డు మరిచిపోయి రీసెట్ చేస్తే సర్వర్‌లోని పాత డేటా తెరుచుకోదు. ఖాతా సెట్టింగ్స్‌లో రికవరీ కీ (పాస్‌వర్డు మరిచినా పాత డేటా తెరిపించే కోడ్) ఈరోజే తయారు చేసి ప్రింటు తీసుకోండి. బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్‌లో అయితే సింక్‌కి ఖాతానే అక్కర్లేదు. 24 పదాల కోడ్, దానికి తోడు ఆ కోడ్ గడువు తీరిందో లేదో చూసే 25వ పదం ఉంటాయి. ఆ కోడ్ ఎవరికి దొరికితే వాళ్లు మీ సింక్‌లో చేరిపోగలరు.

ఎంచుకునే వీలుంటే ఫైర్‌ఫాక్సే మేలు. చాలామంది సెట్టింగ్స్ జోలికి వెళ్లరు కాబట్టి, వెళ్లకపోయినా భద్రంగా ఉండేదే మంచి ఏర్పాటు. 2016 ఆగస్టులో ఓపెరా బ్రౌజర్ సింక్ సర్వర్‌లోకి దుండగులు చొరబడ్డారు. నెలకు సుమారు 17 లక్షల మంది వాడుతున్న ఆ సేవలో ఖాతాలన్నిటి పాస్‌వర్డులనూ సంస్థ రీసెట్ చేయాల్సి వచ్చింది. సర్వర్‌లోకి ఎవరో దూరే రోజు వస్తుందనుకునే తాళంచెవి సంగతి తేల్చుకోవాలి.

ప్రశ్న: సింక్ పెట్టగానే బుక్‌మార్కులు రెండేసి అయ్యాయి. ఒక కంప్యూటర్‌లో సగం తీసేస్తే రెండో దాంట్లోనూ పోయాయి, అందులో కావలసినవీ ఉన్నాయి. తిరిగి వస్తాయా?

జవాబు: సింక్ బ్యాకప్ కాదు. చేర్చినవి ఎలా వెళ్తాయో చెరిపినవీ అలాగే వెళ్తాయి. మొదటిసారి కలిపినప్పుడు రెండు చోట్ల ఉన్నవీ కలిసిపోతాయి. ఒకే చిరునామా వేర్వేరు ఫోల్డర్లలో ఉంటే రెండూ మిగులుతాయి.

మీకు మూడో కంప్యూటర్ ఉండి, అందులో బ్రౌజర్ ఇంకా తెరవలేదనుకోండి. ముందు వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకండి. ఆ తర్వాతే బ్రౌజర్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కి బుక్‌మార్కుల కిటికీ తెరిచి, వాటిని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. నెట్ తగిలిన కాసేపటికే అక్కడా చెరిగిపోతాయి. ఫైర్‌ఫాక్స్‌ వాడుతుంటే అదే కిటికీలో, ఇంపోర్ట్ అండ్ బ్యాకప్ కింద, రిస్టోర్ ఉంటుంది. మామూలుగా 15 వరకు పాత బ్యాకప్‌లు తేదీలతో సహా దొరుకుతాయి. రిస్టోర్ చేస్తే ఇప్పుడున్నవి పోయి పాతవి వస్తాయి కాబట్టి, ఇప్పటివి ముందే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

ఇంకా సింక్ పెట్టనివాళ్లు ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు తీసి పెట్టుకుని, ఒకదాంట్లో శుభ్రం చేసి, రెండోదాంట్లో ఖాళీ చేశాకే కలపండి. పాస్‌వర్డుల ఎక్స్‌పోర్ట్ సంగతి వేరు. అలా వచ్చే సీఎస్‌వీ (మామూలు అక్షరాల పట్టిక) ఫైలులో అన్నీ బాహాటంగా కనిపిస్తాయి. పని అవగానే రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి.

ప్రశ్న: ఆఫీసు కంప్యూటర్‌లో నా సొంత ఖాతాతో సింక్ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. 2022లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కోలోకి చొరబాటు ఇలాగే మొదలైంది. ఒక ఉద్యోగి సొంత గూగుల్ ఖాతా దుండగుల చేతికి చిక్కింది. బ్రౌజర్‌లో దాచిన కంపెనీ పాస్‌వర్డులు అందులోకి సింక్ అయి ఉన్నాయి. తర్వాత ఫోన్లు చేసి మభ్యపెట్టి, పాస్‌వర్డు తర్వాత అడిగే రెండో అంచె లాగిన్ అనుమతినీ ఆ ఉద్యోగి చేతే నొక్కించారు. 2023లో లాగిన్ సేవల కంపెనీ ఓక్టాలోనూ ఒక ఉద్యోగి కంపెనీ ల్యాప్‌టాప్‌లో సొంత గూగుల్ ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యాడు, సర్వీస్ ఖాతా (మనుషులు కాక ప్రోగ్రాములు వాడే కంపెనీ ఖాతా) వివరాలు ఆ సొంత ఖాతాలో చేరాయి. రెండో వైపు నుంచి చూసినా నష్టమే: నిర్వాహకుల అదుపులో ఉన్న యంత్రంలోకి మీ ఇంటి హిస్టరీ దిగుతుంది.

కొన్ని లింకులు కావాలంటే హెచ్‌టీఎంఎల్ ఫైలు తీసుకెళ్లండి. ఇప్పటికే సింక్ పెట్టేసి ఉంటే సైన్ అవుట్ ఒక్కటే చాలదు. ఆ పరికరంలోని డేటా కూడా చెరపమనాలి. లేదంటే దిగినదంతా డిస్కులోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ పోయినా ఇదే చిక్కు. ఖాతా జాబితాలోంచి దాన్ని తీసేస్తే కొత్తవి వెళ్లడం ఆగుతుంది గానీ పాతవి అక్కడే ఉంటాయి. పాస్‌వర్డులు మార్చాల్సిందే, మెయిల్, బ్యాంకులతో మొదలుపెట్టి.

ప్రశ్న: సింక్ ఉన్నా రెండో కంప్యూటర్‌లో సైట్లు మళ్లీ లాగిన్ అడుగుతున్నాయి. ఏమైనా తప్పు జరిగిందా?

జవాబు: లేదు. లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలు సింక్ కావు. ఇన్‌కాగ్నిటో హిస్టరీ కూడా వెళ్లదు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ (దాచిన పాస్‌వర్డులకు కాపలా ఉండేది) కూడా అంతే, ఒక కంప్యూటర్‌లో పెడితే రెండోదానికి రాదు; ప్రతి దాంట్లో విడిగా పెట్టుకోండి.