టెక్సాస్‌లో అయిన విడాకుల డిక్రీకి సర్టిఫైడ్ కాపీ, అపోస్టిల్ ఇండియాలో ఉండే తెప్పించుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. డాలస్ దగ్గర ఉన్నప్పుడు మీకు విడాకులయ్యాయి, తర్వాత హైదరాబాద్ వచ్చేశారు, ఇప్పుడు మళ్లీ పెళ్లి అనుకుంటున్నారు. చేతిలో ఉన్నది అప్పటి లాయర్ మెయిల్లో పంపిన పీడీఎఫ్ ఒక్కటే. హైదరాబాద్‌లోని మీ అడ్వకేట్ గారు "సర్టిఫైడ్ కాపీ కావాలి, అపోస్టిల్ కూడా ఉండాలి" అన్నారు. సర్టిఫైడ్ కాపీ అంటే కోర్టు క్లర్క్ సీలు వేసి ధ్రువీకరించిన నకలు. అపోస్టిల్ అంటే దాని మీది సంతకం, సీలు నిజమేనని వేరే దేశంలో చూపడానికి ప్రభుత్వం జతచేసే ధ్రువపత్రం. అమెరికా వెళ్లకుండా ఇది అవుతుందా అని మీ ప్రశ్న.

అవుతుందండీ. నాకూ టెక్సాస్‌లోనే, కాలిన్ కౌంటీలో విడాకులయ్యాయి. నా డిక్రీ కాపీలు మెకిన్నీలోని కోర్టు కౌంటర్లో నేనే తీసుకుని అపోస్టిల్ చేయించుకున్నాను. తర్వాత ఇండియాలో ఉన్న మా పిన్ని కూతురికి కూడా తనవి ఇక్కణ్ణుంచి తీసి పంపాను. పని కష్టమైంది కాదు. కాకపోతే ఏ కాగితం అడగాలో, ఎవర్ని అడగాలో తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, "డివోర్స్ సర్టిఫికెట్" అనే ఒక పేజీ కాగితం కోసం వెతక్కండి. టెక్సాస్‌లో జడ్జి సంతకం చేసిన "ఫైనల్ డిక్రీ ఆఫ్ డివోర్స్" అనే తీర్పే మీ విడాకులకు రుజువు. అది ఉండేది కేసు వేసిన కౌంటీలోని డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసులో. కౌంటీ క్లర్క్ అని ఇంకో ఆఫీసు ఉంటుంది, పెళ్లి లైసెన్సులు ఇచ్చేది వాళ్లు. పేర్లు దగ్గరగా ఉండటంతో మనవాళ్లు ముందు అక్కడికే ఫోన్ చేస్తుంటారు. ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆరోగ్య శాఖ వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం కూడా విడాకులకు సంబంధించి ఒక ఉత్తరం ఇస్తుంది. 1968 నుంచి రాష్ట్రంలో నమోదైన విడాకుల పట్టిక వాళ్ల దగ్గర ఉంది. ఫలానా వాళ్లకి ఫలానా కౌంటీలో విడాకులు నమోదయ్యాయి అని ఆ ఉత్తరం చెబుతుంది, అంతే. అది తీర్పు కాపీ కాదు. ఏ కౌంటీలో అయిందో గుర్తులేనివాళ్లకి పనికొస్తుంది గానీ మీ అడ్వకేట్ గారు అడిగింది మాత్రం అది కాదు.

కౌంటీ మీద అనుమానం ఉంటే కేసు వేసినప్పుడు ఎక్కడ ఉన్నారో గుర్తు చేసుకోండి. దంపతుల్లో ఒకరైనా ఆరు నెలలుగా టెక్సాస్‌లో, 90 రోజులుగా ఆ కౌంటీలో ఉంటేనే అక్కడ కేసు వేయగలరు. ప్లేనో, ఆలెన్, మెకిన్నీ అయితే కాలిన్ కౌంటీ. ఫ్రిస్కో కొంత కాలిన్‌లోకి, కొంత డెంటన్‌లోకి వస్తుంది. ఇర్వింగ్ అయితే డాలస్ కౌంటీ, దాని సివిల్, ఫ్యామిలీ కోర్టులు డాలస్ డౌన్‌టౌన్‌లోని జార్జ్ ఆలెన్ కోర్ట్స్ బిల్డింగ్‌లో ఉన్నాయి.

తర్వాత కావాల్సింది కేసు నంబరు. ఇక్కడ దాన్ని "కాజ్ నంబర్" అంటారు. మీ పీడీఎఫ్ మొదటి పేజీలో పైనే ఉంటుంది, అది ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే కౌంటీ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. మన పేర్లతో చిక్కు ఇక్కడే వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారై ఉండొచ్చు. ఒకే గడిలో పేరంతా పడి, మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వచ్చి ఉండొచ్చు. కాబట్టి రెండు వరుసల్లోనూ వెతకండి. దొరక్కపోతే అవతలి వ్యక్తి పేరుతో చూడండి. కేసు ఎవరు వేస్తే వాళ్ల పేరే ముందుంటుంది.

నంబరు దొరికాక డిస్ట్రిక్ట్ క్లర్క్‌కి రాయండి. పోస్టులో, ఆన్‌లైన్లో, కౌంటర్లో ఎలా తీసుకుంటారో ఆ కౌంటీ వెబ్‌సైట్లో ఉంటుంది. టెక్సాస్ చట్టం ప్రకారం సర్టిఫైడ్ కాపీకి పేజీకి ఒక డాలరు. దాని మీద సర్టిఫికేషన్ ఫీజు అని ఇంకొన్ని డాలర్లు ఉండొచ్చు. పిల్లలున్న వాళ్ల డిక్రీ 40, 50 పేజీలు ఉండటం మామూలే కాబట్టి ముందు పేజీలెన్నో అడిగి డబ్బు కట్టండి. "మొత్తం డిక్రీ, సంతకాల పేజీలతో సహా, కాగితం మీద సీలుతో, అపోస్టిల్ కోసం" అని స్పష్టంగా రాయండి. ఎలక్ట్రానిక్ సర్టిఫైడ్ కాపీలు ఇచ్చే కౌంటీలు కూడా ఉన్నాయి. మీ పనికి మాత్రం కాగితమే అడగండి.

ఇంకొక సంగతి మీకు ఊరటనిస్తుంది. టెక్సాస్‌లో విడాకుల తీర్పు, కోర్టు ప్రత్యేకంగా బయటివాళ్లకి ఇవ్వొద్దని మూసేస్తే తప్ప, ఎవరైనా అడిగి తీసుకోగల రికార్డు. అంటే ఇక్కడున్న మీ స్నేహితురాలో, అన్నయ్యో కౌంటర్‌కి వెళ్లి డబ్బు కట్టి తీసుకోవచ్చు. మీ నుంచి అధికార పత్రం అక్కర్లేదు. ఎందుకు అని అడిగేవాళ్లూ ఉండరు. నేను వెళ్లినప్పుడు కౌంటర్లో ఉన్నావిడ నంబరు చూసి, ఎన్ని సెట్లు కావాలి అని మాత్రమే అడిగారు. మన దగ్గర విడాకుల మాట ఎత్తితే ముందు మొహం మారుతుంది, ఆ తర్వాతే మాట. అలాంటి చూపులకు అలవాటుపడ్డ నాకు ఆ మామూలు ప్రశ్న ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఆ పేజీలు మళ్లీ తిరగేయడం మీకు బాధగా ఉంటే ఈ పని ఇంకొకరికి అప్పగించండి, అందులో తప్పేమీ లేదు.

కాపీ చేతికొచ్చాక చివర క్లర్క్ ధ్రువీకరణ, సీలు, తేదీ, డిప్యూటీ సంతకం ఉన్నాయో లేదో చూసుకోండి. స్కాన్ చేయడానికి స్టేపుల్స్ విప్పొద్దు. విడిపోయిన పేజీల కట్ట చూస్తే ఏదో మార్చారన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

ఇక అపోస్టిల్. ఇది వాషింగ్టన్‌లో ఉన్న స్టేట్ డిపార్ట్‌మెంట్ పని కాదు, వాళ్లు ఫెడరల్ పత్రాలకే చేస్తారు. కౌంటీ కోర్టు కాగితానికి ఆ రాష్ట్రమే చేయాలి. టెక్సాస్‌కైతే ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. వాళ్ల ఫారం 2102 నింపి, ఏ దేశంలో వాడతారో అక్కడ "ఇండియా" అని రాసి, ఒక్కో పత్రానికి 15 డాలర్లు కట్టి, సర్టిఫైడ్ కాపీ జతచేసి పంపాలి. తిరిగి పంపడానికి మీ చిరునామాతో ముందే డబ్బు కట్టిన కవరు కూడా పెట్టాలి. హైదరాబాద్‌కి నేరుగా తెప్పించుకోవడం కన్నా ఇక్కడ నమ్మకమున్న వాళ్ల చిరునామా ఇచ్చి, వాళ్లతో కొరియర్ చేయించుకోవడం మేలు.

డబ్బు ఎక్కువగా పోయేది ఈ దశలోనే. మా పిన్ని కూతురు ముందు ఒక ఏజెంటుకి భారీగా కట్టింది. అతను ఆమె దగ్గరున్న పీడీఎఫ్‌నే ప్రింట్ తీయించి, "ఇది నిజమైన కాపీ" అని నోటరీ ముందు ఒక అఫిడవిట్ రాయించి, దానికి అపోస్టిల్ చేయించి పంపాడు. చూడ్డానికి సీళ్లతో ఘనంగా ఉంది. కానీ ఆ అపోస్టిల్ చెప్పేది నోటరీ సంతకం నిజమని మాత్రమే. కోర్టు గురించి అందులో ఒక్క ముక్క లేదు. పైగా కోర్టు తీర్పుల్లాంటి పబ్లిక్ రికార్డులకు కాపీ సర్టిఫై చేసే అధికారం టెక్సాస్ నోటరీలకి లేదు. హైదరాబాద్‌లో అడ్వకేట్ ఆ కాగితం వెనక్కిచ్చేశారు. అందుకే ఎవరైనా "మీ పీడీఎఫ్ పంపితే చాలు, మేం చేయించేస్తాం" అంటే దూరంగా ఉండండి. అపోస్టిల్ మీద డిస్ట్రిక్ట్ క్లర్క్ పేరు ఉండాలి, నోటరీ పేరు కాదు.

మీ అడ్వకేట్ గారు ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు సరిగ్గా మనలాంటి వాళ్లదే. తిరుపతిలో పెళ్లి చేసుకున్న తెలుగు దంపతులు. భర్త మిస్సోరిలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మొదటి భార్య కేసు పెట్టారు. ఆయన చూపించిన తీర్పు ఫోటోస్టాట్ కాపీ. అది సాక్ష్యంగా చెల్లదని హైకోర్టు అంది, సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 14వ సెక్షన్ కూడా విదేశీ తీర్పుకి సర్టిఫైడ్ కాపీ గురించే మాట్లాడుతుంది. అప్పట్లో మన కాన్సులేట్ ధ్రువీకరణ కావాల్సి వచ్చేది. 2005 జూలైలో హేగ్ అపోస్టిల్ ఒప్పందం ఇండియాకి అమల్లోకి వచ్చాక ఆ పని అపోస్టిల్ చేస్తోంది.

అదే తీర్పులో ఇంకో భాగం ఉంది, అది మీరు తప్పక పట్టించుకోవాలి. కాపీ ఎంత పక్కాగా ఉన్నా, అవతలి వ్యక్తి ఆ కోర్టుకి రాకుండా, ఒప్పుకోకుండా ఏకపక్షంగా వచ్చిన తీర్పైతే ఇండియాలో దాన్ని గుర్తించడం కష్టం. ఇద్దరూ స్వచ్ఛందంగా ఆ కోర్టు అధికారానికి ఒప్పుకుని ఉంటే మీ స్థితి చాలా బలంగా ఉంటుంది. అందుకే సంతకాల పేజీలు విడిచిపెట్టొద్దన్నాను. మీ డిక్రీలో ఇద్దరూ హాజరయ్యారనో, ఒకరు నోటీసు అక్కర్లేదని వేవర్ ఇచ్చారనో మొదటి పేజీల్లో ఉంటుంది. పరస్పర అంగీకారంతో అయితే చివర ఇద్దరి సంతకాలూ ఉంటాయి. వేవర్ ప్రస్తావన ఉంటే ఆ కాగితానికి కూడా విడిగా సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, ఒకటి రెండు డాలర్లతో పోతుంది. మీది ఏకపక్షమైతే మాత్రం అపోస్టిల్‌కి ఖర్చుపెట్టే ముందే మీ అడ్వకేట్‌తో కూర్చుని ఇది మాట్లాడండి.

డిక్రీలో మీ ఆస్తులు, అప్పులు, పిల్లల వివరాలు, కొన్నిసార్లు ఖాతా నంబర్ల చివరి అంకెలు కూడా ఉంటాయి. పెళ్లి సంబంధం చూసేవాళ్లు అడిగారని మొత్తం వాట్సాప్‌లో పంపొద్దు. మొదటి పేజీ, జడ్జి సంతకం పేజీ చూపిస్తే వాళ్ల అనుమానం తీరుతుంది. బ్యాంకులోనో ఇంకెక్కడో పాత ఇంటిపేరు తిరిగి వచ్చిందని మాత్రమే చూపాలంటే, పేరు మార్పు డిక్రీలో ఉన్నవాళ్లకి అదే క్లర్క్ పది డాలర్లకి "చేంజ్ ఆఫ్ నేమ్ సర్టిఫికెట్" ఇస్తారు. నాకు అది డిక్రీ కన్నా ఎక్కువసార్లు పనికొచ్చింది, నా సొంత విషయాలు ఎవరి ముందూ పరవకుండా కాపాడింది.

ఇదంతా టెక్సాస్ సంగతి. ఇది చదివే వేరే రాష్ట్రాల వాళ్లకి పేర్లు మారతాయి. కాలిఫోర్నియాలో, జార్జియాలో ఆ కౌంటీ సుపీరియర్ కోర్టు. న్యూయార్క్‌లో విడాకులిచ్చేది సుప్రీంకోర్టు అనే పేరున్న కోర్టు, రికార్డు కౌంటీ క్లర్క్ దగ్గర. అక్కడ విడాకుల ఫైళ్లు బయటివాళ్లకి ఇవ్వరు, మీరో మీ లాయరో అడగాల్సిందే.

చివరిగా, రెండు సెట్లు తీయించి రెండింటికీ అపోస్టిల్ చేయించండి. ఒకటి ఏ ఆఫీసు ఫైల్లోనైనా ఉండిపోతే ఇంకోటి మీ దగ్గర ఉంటుంది. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకుంటే 30 రోజుల నోటీసు ఉంటుంది కాబట్టి, కాగితాలు చేతికొచ్చి మీ అడ్వకేట్ గారు చూసి సరేనన్నాకే ముహూర్తం పెట్టుకోండి.